అక్క చూపించిన మట్టిగుంట

నాకు రాయడం అలవాటు లేదు, చదివింది ఐదో క్లాసు, తప్పులుంటే నా ఈడు వాళ్ళు సర్దుకుని చదువుకోండి. మొన్న వినాయక చవితికి మా అమ్మాయి ఆన్‌లైన్‌లో మట్టి వినాయకుణ్ణి తెప్పించింది. కుమ్మరింట్లో పుట్టినదాన్ని కదా, అట్టపెట్టె విప్పగానే బొటనవేలితో రుద్ది చూశాను, అంతా ఇసకే, జిగురు లేదు. దాంతో సౌత్ కరోలినాలో మేమున్న రాక్ హిల్ ఊరూ, అక్కడ మోటెల్‌లో నాతోపాటు దుప్పట్లు ఉతికిన అక్కా గుర్తొచ్చారు.

అక్కంటే తోడబుట్టింది కాదు, కటాబా తెగ మనిషి, తెల్లవాళ్ళు రాకముందు నుంచీ అక్కడి ఏటి ఒడ్డున బతికినవాళ్ళు. నా ముక్కల ఇంగ్లీషు ఆమెకెలా అర్థమయ్యేదో గానీ రెండువేల మూడులో కలిసిన రోజు నుంచీ ఇద్దరం ఒకటే కబుర్లు. ఆమె కుండలు చేస్తుందని తెలిసి సంతోషం పట్టలేకపోయాను. మా ఇంట్లో ఆడవాళ్ళు మన్ను తొక్కాలి, రాళ్ళు ఏరాలి, కుండలు తిప్పే సారె మాత్రం ముట్టుకోకూడదు. వీళ్ళకి అసలు సారే లేదు, ఆడవాళ్ళే మట్టిని తాడులా పేని చుట్టలు చుట్టి, ఏటి రాయితో నున్నగా రుద్ది, కట్టెల మంటలో కాలుస్తారు. యాభై ఏళ్ళొచ్చాక మొదటిసారి నా చేత్తో ఒక కుండ నిలబెట్టాను, అదీ వంకరగా.

ఒకసారి మన్ను తేవడానికి నన్నూ తీసుకెళ్ళింది. ఆ నేల ఒకప్పుడు వాళ్ళదే. ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరిగాక గవర్నమెంటు తీసేసిన తెగ గుర్తింపు తిరిగొచ్చింది గానీ, మట్టిగుంట మాత్రం వేరే ఆయన పొలం కంచెలో ఉండిపోయింది. ఆయన్ని అడిగి, కావలసినంతే తవ్వి, గుంట పూడ్చి వచ్చేవాళ్ళు. ఆ దారి బయటివాళ్ళకి చెప్పరు. ఎవరికీ చెప్పొద్దని అక్క నాతో అనలేదు, నాకే తెలియాల్సింది.

ఆ ఏడు చవితి ముందు మా తెలుగువాళ్ళ పాట్‌లక్ భోజనాల్లో గొప్పకి పోయి, వెన్నలాంటి మన్ను నేను చూశానని అనేశాను.

"ఆంటీ, ఎక్కడో చూపించరూ! డ్రైవ్ మేం చేస్తాం, మీరు ఊరికే కూర్చోండి" అని ఆడపిల్లలు పట్టుకున్నారు.

శనివారం ఐదు కార్లలో వెళ్ళాం, ఎవర్నీ అడగలేదు. పిల్లలు బకెట్లతో ఆడారు, ఫోటోలు దిగాం, గుంట అలాగే తెరిచి వదిలేసి వచ్చాం. వినాయకుడు ఎంత బాగా కుదిరాడో చెప్పలేను.

వారం తిరక్కుండా పొలం గేటుకి గొలుసు, తాళం పడ్డాయి. అక్క దుప్పటి మడతపెడుతూనే, గొంతు పెంచకుండా చెప్పింది.

"మేమసలు తెగే కాదని గవర్నమెంటు రాసేసిన రోజుల్లో కూడా మా అమ్మ ఆ గుంటకే వెళ్ళింది. అప్పుడు కూడా గేటు మూయలేదు."

నేనూ మా ఆయనా ఆ పొలం ఆయన కాళ్ళు పట్టుకున్నంత పని చేశాం. ఆయన కాఫీ ఇచ్చి, ఎవరైనా పడి కాలు విరిగితే కేసు తన మీద పడుతుందన్నాడు. తాళం తీయలేదు. ఆ ఏడాది అక్క ఒక్క కుండా చేయలేదు.

మరుసటేడు ఏటి పొడుగునా వెతికి వాళ్ళు ఇంకో చోటు పట్టుకున్నారు. తవ్వి తెచ్చినప్పుడల్లా అక్క నాకో ముద్ద పక్కన పెట్టేది, నవ్వేది, నా వంకర కుండల్ని ఎగతాళి చేసేది. ఎక్కడిదో మాత్రం ఎప్పుడూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఇప్పుడు అక్క లేదు, ఆ పాత గుంట మీద ఎవరివో కొత్త ఇళ్ళు లేచాయి. అక్క కూతురే వాళ్ళ తెగ పిల్లలకి కుండలు నేర్పుతోంది. మేము ఊరు మారినా వేసవిలో నేను వాళ్ళింటికి వెళ్తుంటాను. మన్ను తేవడానికి ఆమె బయల్దేరితే మెట్ల దాకా వెళ్ళి చెయ్యూపి, కారు ఏ వైపు తిరుగుతుందో చూడకుండా లోపలికి వచ్చేస్తాను.