నిమిరితే చాలదు

మా పాపకి మూడో నెలలో ఒకసారి ఊపిరి ఆగింది. తెనాలి ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు నర్సమ్మ బొమ్మ మీద చూపించింది. మళ్లీ అలా అయితే రెండు చేతులతో ఛాతీని చుట్టి పట్టుకుని, బొటనవేళ్లతో మధ్యలో ముప్పైసార్లు గబగబా నొక్కాలి, తర్వాత రెండుసార్లు నోటితో ఊపిరి ఊదాలి.

రేపల్లె బండిలో పాప మా ఆవిడ ఒళ్లో నిద్రపోతోంది. నేను చుట్టిన తువ్వాలు మీద లెక్కపెట్టుకుంటూ నొక్కుతున్నాను. ఎదురు సీట్లో ఒక పెద్దావిడ చాలాసేపు చూసింది.

"నిమురుతున్నావు తమ్ముడూ, నొక్కట్లేదు."

"పసిదానికి నొప్పి పుడుతుందేమోనండి."

ఆవిడ నా వేళ్ల మీద తన వేళ్లు పెట్టి, తువ్వాలు మూడో వంతు అణిగేదాకా అదిమింది. "ఇంత లోతు దిగాలి. మళ్లీ పూర్తిగా పైకి రానివ్వాలి. నొప్పి పుడుతుందనే మా పాపకి నేను మెల్లగా నొక్కాను. అది చాలలేదని తర్వాత తెలిసింది."

మా ఆవిడ పాపని గుండెకి హత్తుకుంది. మేం భట్టిప్రోలులో దిగేదాకా ఆ పెద్దావిడ నాచేత నొక్కిస్తూనే ఉంది.

నెల తిరక్కుండానే ఒక మధ్యాహ్నం పాప మళ్లీ నీలంగా మారింది. అంబులెన్స్ వచ్చేసరికి నా చేతుల్లో గుక్కపెట్టి ఏడుస్తోంది.

ఇప్పుడు రెండో తరగతి. ఆ బండి ఎక్కినప్పుడల్లా అనిపిస్తుంది, ఆవిడ పాప పేరేంటో అడగాల్సింది.