గోధుమ చేలో కందకాలు

గోడెలీవ్ పొలంలో దుక్కి మొదలైతే ఇనుము పైకి వస్తుంది. ఆమె తాత కాలం నుంచీ అంతే. మొదటి ప్రపంచయుద్ధంలో బెల్జియంలోని ఈ ఈపర్ ఊరి చుట్టూ కురిసిన ఫిరంగి గుండ్లలో బురదలో దిగబడి పేలకుండా మిగిలినవి ఇప్పటికీ నాగలికి తగులుతూనే ఉంటాయి. వాటిని తీసి గట్టున పెడితే సైన్యం వాళ్ల బండి వచ్చి పట్టుకుపోతుంది.

ఆమె తండ్రి కమీల్ ఒక మధ్యాహ్నం ఎండిన కలుపును కుప్పవేసి నిప్పుపెట్టాడు. కుప్ప కింద మట్టిలో గుండు ఉందని ఎవరికి తెలుసు? అప్పుడు గోడెలీవ్ చిన్నపిల్ల, తండ్రికి కాఫీ తీసుకుని గట్టు మీద నడిచి వస్తోంది. "యుద్ధం ముగిసిన దాదాపు నలభై ఏళ్లకి మా నాన్న యుద్ధంలో పోయాడు," అని పెద్దయ్యాక ఏ కదలికా లేని గొంతుతో చెప్పేది.

పెళ్లయ్యింది, భర్త రెమి కూడా పోయాడు, పిల్లలు లేరు. పొలం మాత్రం వదల్లేదు. గుండు దొరికిన ప్రతిసారీ ఆమెకు లోలోపల ఒక తృప్తి. ఒకటి తగ్గింది. ఎప్పటికైనా ఆఖరిది బయటపడుతుంది, అప్పటికి యుద్ధం నిజంగా అయిపోయినట్టు. ఈ మాట ఎవరితోనూ అనలేదు గానీ, ఆమె ముసలితనాన్ని నడిపించింది ఆ నమ్మకమే.

ఉక్రెయిన్‌లో యుద్ధం మొదలైన ఏడాది వసంతంలో అక్కణ్నుంచి ఒడార్కా అనే రైతు స్త్రీ గోడెలీవ్ ఇంట్లో తలదాచుకోవడానికి వచ్చింది. నలభై దాటిన మనిషి. తమ్ముడు అక్కడే, సైన్యంలో ఉన్నాడు. రెండు నెలల్లోనే వచ్చీరాని ఫ్లెమిష్ భాషలో గోడెలీవ్‌ని పెద్దమ్మా అని పిలుస్తూ, ఆమె చేసే కూరగాయల సూప్‌లో ఉప్పు చాలలేదని వంకలు పెట్టేంత చనువు వచ్చింది.

ఆ వేసవిలో చినుకు పడలేదు. కోతకు ముందు ఒక మిట్టమధ్యాహ్నం ఒడార్కా పాలిపోయిన ముఖంతో వంటింట్లోకి వచ్చింది.

"పెద్దమ్మా, నీ చేలో కందకాలు తవ్వారు."

"ఎండ దెబ్బ తగిలిందా నీకు? ఎవరు తవ్వుతారే?"

"వచ్చి చూడు."

ఇద్దరూ వెళ్లారు. చేనంతా పండి పసుపెక్కింది. దాని మధ్య మెలికలు తిరుగుతూ ఒక పచ్చటి చార. ఆ పాత యుద్ధంలో సైనికులు దాక్కోవడానికి తవ్విన కందకం పూడిన చోట మట్టి లోతు, తడి ఆరదు, అందుకే అక్కడ పైరు త్వరగా పండదు. కరువు ఏడాదుల్లో ఇలా కనబడటం గోడెలీవ్‌కు కొత్త కాదు. చెప్పబోయింది. అప్పటికే ఒడార్కా ఆ చార వెంట నడుస్తోంది, చీకట్లో సొంతింట్లో తిరిగే మనిషిలా, మలుపు రాకముందే మలుపుకు సిద్ధమవుతూ.

"ఈ వంపు ఎందుకో తెలుసా? గుండు లోపల పడితే వంపుకి అవతల ఉన్న మనవాళ్లన్నా బతుకుతారని. మా తమ్ముడు మా చేలో తవ్విందీ ఇలాగే ఉంది."

మరుక్షణం ఆమె కనిపించలేదు. గాలి లేదు. ఒక్క కంకి ఊగడం లేదు.

"ఒడార్కా!"

ఆ పచ్చదనంలో ఒక్కరు కాదు, బారు బారంతా మనుషులు ఊపిరి బిగబట్టి కూర్చున్నారనిపించింది గోడెలీవ్‌కి. పుట్టి పెరిగిన చేలో మొదటిసారి కాలు ముందుకు పడలేదు.

"ఇక్కడున్నా," నేలలోంచి వచ్చినట్టు వినిపించింది గొంతు. ఒడార్కా పైరులో గొంతుక్కూర్చుని ఉంది. "మా చేను ఎన్నాళ్లకి బాగవుతుంది పెద్దమ్మా?"

గోడెలీవ్ ఒక కంకిని అరచేతిలో నలిపింది. "పదేళ్లు. మహా అయితే పదేళ్లు."

ఒడార్కా ఆ చార వంక చూసి, పొడిగా నవ్వింది. "ముసలిదానివయ్యావు గానీ అబద్ధమాడటం రాలేదు నీకు."

ఆ రాత్రి గోడెలీవ్ నిద్రపోలేదు. తను ఇక్కడ గుండ్లు ఏరుతుంటే అక్కడ కొత్తవి విత్తుతున్నారు. ఆఖరిది అంటూ ఎక్కడుంది?

శరదృతువులో ఒడార్కా పట్టుబట్టి గుండ్ల సంగతి నేర్చుకుంది. ఏది తాకొచ్చు, లోపల నీళ్లలా కదిలేది ఏది, విషవాయువు కారి వెల్లుల్లి వాసన వస్తే ఎటు పరుగెత్తాలి. కూతురి వయసు మనిషికి వంట నేర్పాల్సిన నోటితో ఇవన్నీ చెబుతున్నానే అని గోడెలీవ్ లోపల కుమిలిపోయింది, అయినా చెప్పింది. మరుసటి వసంతంలో ఒడార్కా ఇంటికి వెళ్లిపోయింది. ఫోన్ చేసింది. పొలంలో సగం విత్తారట, మిగతా సగంలోకి ఎవరూ అడుగు పెట్టడం లేదట. తమ్ముడి సంగతి తను చెప్పలేదు, గోడెలీవ్ అడగలేదు.

"కౌలుకిచ్చెయ్యి గోడెలీవ్, ఈ వయసులో నీకెందుకు?" అన్నాడు పక్క పొలం ఫిర్మిన్.

"నేను ఏరకపోతే ఎవడి కాలి కిందో పేలుతుంది," అంది ఆమె. ఒకటి తగ్గిందని మాత్రం ఇప్పుడు అనుకోవడం లేదు.

ఈ ఏడాది కూడా దున్నింది. నాగలికి ఏదో తగిలితే ట్రాక్టర్ ఆపి దిగుతుంది. వెంటనే తాకదు. నెమ్మదిగా మోకాళ్ల మీద వంగి, చెవి మట్టికి ఆనించి, ఆ రోజు ఒడార్కా గొంతు వచ్చినట్టే నేలలోంచి ఇంకెవరిదైనా వస్తుందేమోనని చాలాసేపు వింటుంది. ఏం వినిపిస్తుందని ఫిర్మిన్ అడిగితే, మోకాళ్ల మట్టి దులుపుకుని మళ్లీ ట్రాక్టర్ ఎక్కుతుంది.