భద్రంగా ఉన్న పందొమ్మిది పట్టాలు

కొంటా బస్టాండులో చాయ్ కప్పులు నెలనెలకీ చిన్నవైపోతున్నాయి. ఇంకొన్నాళ్లకు వాసన చూపించి పది రూపాయలు తీసుకుంటారేమో. ఆ సంగతి మర్యాదగా విన్నవించుకుందామని నోరు తెరిచేలోగా జేబులో ఫోను టింగుమంది. "మీ సమాచారం భద్రంగా ఉంది." ప్రతి సోమవారం ఇదే కబురు. ఆ టింగు వింటే ఫోనును శబరి ఏట్లోకి గిరాటెయ్యాలనిపిస్తుంది. ఆ సమాచారం నాది కాదు, లచ్చయ్య మాస్టారిది. ఆయన చనిపోయిన వానాకాలం కూడా వెళ్లిపోయింది.

మరైగూడ బడిలో నాకు ఐదో తరగతి దాకా చదువు చెప్పిన దోర్లా తెగ మనిషి ఆయన. లెక్కల పీరియడులో మమ్మల్ని చేల గట్ల మీద నడిపించి, ఏ చేను ఎవరిదో అప్పజెప్పించుకునేవారు. మాది కిరాణా కొట్టు. సెంటు భూమి లేనివాణ్ని నేనొక్కణ్నే. "నాకెందుకు సార్ ఇది?" అన్నాను ఒకసారి. ఆగి చూశారు. "రేపు వీళ్ల చేను ఎవడన్న గుంజుకుంటే సాక్ష్యం ఎవరు చెప్తరు రా? మీ నాయన కొట్లో ఉప్పు బస్తానా?" ఆ ఉప్పు బస్తా కంటే కాస్త మెరుగవుదామనే నేను కంప్యూటర్లు చదివాను.

ఊళ్లో పందొమ్మిది ఇళ్లకు అటవీ భూమి పట్టాలు వచ్చాయి. తనిఖీకని కచేరీవాళ్లు అసలు కాగితాలు తీసుకున్నారు. ఆ తర్వాత అడిగినప్పుడల్లా "ఫైల్ నహీ మిల్ రహీ", ఫైలు దొరకట్లేదు, అన్నారు. అంత చిన్న గదిలో అంత లావు ఫైలు పోగొట్టాలంటే చాలా శ్రద్ధ కావాలి. మిగిలినవి మాస్టారి ఫోనులోని పట్టాల ఫోటోలే. అప్పుడు నేను తెలివి ప్రదర్శించాను. లోకమంతటా వేల కంప్యూటర్లలో ముక్కలుగా దాచే నెట్‌వర్క్ ఉందని, దానికి యజమాని లేడని, ఏ సర్కారూ చెరపలేదని చెప్పాను. దాచినందుకు అద్దె ఆ నెట్‌వర్క్ సొంత డిజిటల్ నాణేల్లో కట్టాలి. ఫోటోలు అందులోకి ఎక్కించి, నాణేలు నా జీతంతో కొని, ఏళ్ల తరబడి సరిపడా ముందే కట్టేశాను; అందుకే కబుర్లు నా ఫోనుకొస్తాయి. తెరవాలంటే ఆయన ఫోను కావాలి, లేదా పన్నెండు రహస్యపు మాటలు కావాలి. ఆ మాటలు తెర మీదికొచ్చినప్పుడు నేను గోడవైపు తిరిగి నిలబడ్డాను. అంత నిజాయితీపరుణ్ని.

"రాసుకోనా?"

"వద్దు సార్, కంఠతా పట్టండి. ఎవరికీ చెప్పొద్దు. ఫోనులో ఫోటోలు కూడా తీసేయండి, పోలీసుల సోదాల్లో దొరికితే ప్రమాదం."

"మరి నేను పోతే ఏందిరా?"

"మీరు పోయినా నెట్‌వర్క్ పోదు సార్."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. ఎక్కాలు వల్లించినట్టు పెదాలు కదుపుతూ కూర్చున్నారు.

జ్వరం ఆయన్ని మూడు రోజుల్లో తీసుకుపోయింది. దోర్లాల్లో పోయిన మనిషి వాడుకున్నవి ఆ మనిషి దగ్గరే ఉండాలి. సమాధి రాయి పక్కన గొడుగు, కళ్లజోడు, కంచం, ఫోను పెట్టారు. నేను చేరేసరికి దాని మీద పది రోజుల వాన కురిసింది. భద్రాచలంలో రిపేరు చేసేవాడు దాన్ని వంచి, నీళ్లు పారబోసి, నా చేతికే ఇచ్చాడు.

ఇప్పుడు నోటీసు వచ్చింది. నెలలోగా పట్టాలు చూపకపోతే చేలు అడవిలో కలుపుతారట. ఏ సర్కారూ చెరపలేదు, నిజమే. ఏ మనిషీ చదవనూ లేడు. ఆ గట్ల మీద ఇప్పటికీ కళ్లు మూసుకుని నడవగలను. నడకను కచేరీలో సాక్ష్యంగా తీసుకోరు. అడిగి చూశాను.

మాస్టారి భార్య ముత్తమ్మ వడ్లు చెరుగుతుంటే వెళ్లి చెప్పాను. "ఏదీ పోలేదమ్మా. అన్నీ భద్రంగానే ఉన్నాయి. తెరవడమే..."

ఆమె చేట కింద పెట్టింది.

"జ్వరంల పొద్దంత ఏందో గొణుక్కుంటుండె. ఏందయ్యా అంటే, 'ఎవరికీ చెప్పొద్దన్నడే వాడు' అన్నడు. ముప్పై ఏండ్లు కాపురం జేసిన. నువ్వు ఆ 'ఎవరికీ'ల నన్ను గూడ కలిపినవు."