ఆమె మాట, నా నోరు

ఖమ్మంలో మా వీధి చివర ఇస్త్రీ బండి పెట్టుకున్న మనిషి ఒకడున్నాడు. ఇంకా ఉతకని కొత్త నూలు బట్ట మీద నీళ్లు చల్లి బొగ్గుల పెట్టె ఆనించగానే గంజి కాలిన ఆవిరి వాసన ఒకటి లేస్తుంది. నిన్న పొద్దున పాలకని వెళ్తూ ఆ వాసనకు ఆగిపోయాను. "ఏంది మేడం, బట్టలేమన్న ఉన్నయా?" అని అడిగాడతను. లేవని చెప్పి కాసేపు అక్కడే నిలబడ్డాను. ఆ వాసన నాకు భద్రమ్మ వరండా వాసన. ఆమెను ఎరిగినవాళ్లు ఇప్పుడు నలుగురైదుగురు కూడా ఉండరు. ఆమె పుట్టుకతో చెవిటి మనిషి. దర్జీ పని చేసేది. నా జీవితంలో నాకు ఎవరైనా చదువు చెప్పారంటే ముందు ఆమె పేరే చెప్పుకోవాలి. అందుకే ఇది రాస్తున్నాను.

ఎనభైల మొదట్లో నాకు నర్సు ఉద్యోగం వచ్చింది. వేంసూరు పక్కనున్న మా ఊరి నుంచి బూర్గంపాడు అవతల అడవి అంచున ఉన్న ఒక చిన్న ఊరికి వేశారు. గూడేలు తిరిగి పసిపిల్లలకు సూదులు వేయడం, జ్వరాలకు మాత్రలు ఇవ్వడం, కాన్పులు చూడటం నా పని. నాకప్పటికి ఇరవై మూడేళ్లు. ఉండటానికి గది వెతుక్కుంటూ ఒక పెంకుటింటి ముందుకు వెళ్తే వరండాలో నలభై ఏళ్లావిడ మిషను తొక్కుతోంది. కిరాయికి గది ఉందని చెప్పారు అన్నాను. ఆమె తలెత్తలేదు. మళ్లీ గట్టిగా అన్నాను. మిషను ఆగలేదు. ఎంత పొగరో అనుకుని వెనక్కి తిరగబోతుంటే లోపల్నుంచి ఇంకొకామె చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"అరిస్తే ఇనపడదమ్మా ఆమెకు. గీ చెక్క మీద కాలుతోని కొట్టు, సూస్తది," అని మిషను కింద పరిచిన పొడుగాటి చెక్క చివర మడమతో రెండుసార్లు తట్టింది. భద్రమ్మ తల తిప్పి నన్ను చూసి నవ్వింది. ఆ వచ్చినామె పేరు లింగమ్మ. పిల్లల హాస్టల్లో వంట చేసేది. ఆ ఇంట్లో వాళ్లిద్దరే ఉండేవారు. పక్క గది నాకిచ్చారు.

నర్సుని కదా, వారం తిరగకుండానే ఆమెకు వైద్యం చేయించాలన్న ఆలోచన పుట్టింది. ఊళ్లోవాళ్లు కూడా నన్నే అడిగేవారు. పుట్టుకతోనేనా, మందుల్లేవా, ఆపరేషన్ చేస్తే మాట వస్తుందా అని. "మాట రానోళ్లకు తెలివి గూడ తక్కువుంటదంట గద సిస్టరమ్మా?" అని ఒకావిడ అడిగింది. ఆవిడే తన కూతురి పెళ్లి రవికలన్నీ కొలత తీయనక్కర్లేదని భద్రమ్మ కంటి అంచనాకే వదిలేసింది. నేనొక చెవుల డాక్టరు పేరు కాగితం మీద రాసి భద్రమ్మ ముందు పెట్టాను. ఆమె చదివింది. ఆమెకు చదవడం, రాయడం వచ్చునని నాకు అప్పుడే తెలిసింది. బట్ట మీద గీతలు గీసే సుద్దముక్క తీసుకుని నల్లటి కత్తిరింపు బల్ల మీద ఇలా రాసింది: "నాకు నొప్పి లేదు. నాతో మాట్లాడాలని ఉంటే నువ్వు నేర్చుకో."

అలా మొదలైంది నా చదువు. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఒక గంట నేర్పేది. ఆమె చేతుల మాటలను ఇక్కడ నా తెలుగులో రాస్తున్నాను గానీ అందులో సగం కూడా ఇందులోకి రాదు. కనుబొమ్మ ఎత్తితే ఒక మాట ప్రశ్న అవుతుంది. భుజం వెనక్కి వాలిస్తే అదే మాట నిన్నటిది అవుతుంది. చిన్నప్పుడు తండ్రి ఆమెను పట్నంలో చెవిటి పిల్లల బడిలో వేశాడట. అయిదేళ్లు చదివింది. తరగతిలో చేతులు కదిపితే స్కేలుతో కొట్టేవారు. గొంతు మీద చెయ్యి వేయించి 'ప' అను, 'బ' అను అని నేర్పేవారు. హాస్టల్లో మాత్రం పిల్లలందరూ తిండి మానేసి చేతులతో మాట్లాడుకునేవారట. "తరగతిలో నేర్పింది నోట్లో నిలవలేదు. హాస్టల్లో నేర్చుకున్నది చేతుల్లో నిలిచింది," అంది. పెదాలు చూస్తే మాట తెలుస్తుంది కదా అని అడిగాను. పాప, బాబా, మామ అనమంది. అన్నాను. మూడూ పెదాల మీద ఒకటేనని, మిగతాది మనిషిని బట్టి ఊహించుకోవడమేనని, పొద్దంతా ఊహించి ఊహించి తల నొప్పి పుడుతుందని చెప్పింది.

లింగమ్మకు చేతుల మాట నాకంటే బాగా వచ్చు. ఆమెకు అశ్వారావుపేట వైపు చిన్నప్పుడే పెళ్లి చేశారు. ఆ సంసారం నిలవలేదు. పుట్టింటికి వచ్చి, కుట్టు నేర్చుకుంటానని భద్రమ్మ దగ్గర చేరింది. "కుట్టు రాలే. ఇప్పటికీ తిన్నగ కత్తిరించరాదు. సైగలే వచ్చినయ్," అని నవ్వేది. ఒకరోజు ఇద్దరం చింతపండు గింజలు తీస్తున్నాం. ఇంకా ముప్పై అయిదు దాటలేదు కదా, మళ్లీ పెళ్లి చేసుకోవాలనిపించలేదా అక్కా అని అడిగాను.

"చేసుకున్న గద," అంది.

"ఎవర్ని?"

ఆమె గడ్డంతో వరండా వైపు చూపించి మళ్లీ గింజలు తీయడంలో పడింది. అక్కడ భద్రమ్మ సూదిలో దారం ఎక్కిస్తోంది.

ఇలాంటి సంగతి నేనెప్పుడూ వినలేదని కాదు, వెక్కిరింపుగా విన్నాను. ఇలా చింతపండు ముందు కూర్చుని, మామూలుగా, ఒక సంసారం గురించి చెప్పినట్టు ఎవరూ చెప్పలేదు. ఆ తర్వాత వారం రోజులు పని ఉందని వాళ్ల వైపు వెళ్లలేదు. తోటి నర్సు ఒకామె దగ్గర మాత్రం ఈ మాట ఎత్తాను. ఆమె ఒకటడిగితే నేను రెండు కలిపాను. వాళ్లలో మగవాడి లెక్క ఎవరు, మగవాళ్లంటే అసహ్యమా, వినపడకపోవడం వల్లే ఇలా అయిందా. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

ఆ మాటలు ఎలాగో చేరినట్టున్నాయి, ఎనిమిదో రోజున భద్రమ్మే నా గదికి వచ్చింది. నేను కుట్టడానికిచ్చిన తెల్ల రవిక మంచం మీద పెట్టి ఎదురుగా కూర్చుంది. "అడగాల్సింది నన్నే అడుగు. నా వెనక అడిగితే నాకు వినపడదు," అంది. ఆమె మొహంలో కోపం లేదు. అందుకే ఇంకా కష్టమనిపించింది. తడబడుతూ ఒక్కొక్కటే అడిగాను. మగవాళ్ల మీద కోపమేమీ లేదంది. తండ్రి మంచివాడు, తనకు మిషను కొనిచ్చింది ఆయనే. చెవికీ దీనికీ సంబంధం లేదంది. "హాస్టల్లో చెవిటి పిల్లలు వందమంది ఉండేవాళ్లం. మిగతావాళ్లు చాలామంది మొగుళ్లను చేసుకుని పిల్లల్ని కన్నారు. నాకు లింగమ్మ మీద మనసైంది." మీలో మొగుడెవరు అని అడగలేకపోయాను. అది నా కళ్లలో కనిపించిందో ఏమో, "బియ్యం ఆమె కడుగుతుంది, నీళ్లు నేను తెస్తాను. ఇంకేం కావాలి?" అని లేచి వెళ్లిపోయింది. మర్నాడు మధ్యాహ్నం మళ్లీ వరండాకు వెళ్లాను.

మూడో ఏడు వానాకాలంలో లింగమ్మకు జ్వరం పట్టుకుంది. ఆ అడవి జ్వరాలు నాకు తెలుసు. మాత్రలిచ్చాను. నాలుగో రోజు పొద్దున ఆమె నన్ను గుర్తుపట్టలేదు. ట్రాక్టరు మీద రోడ్డు దాకా, అక్కడినుంచి జీపులో నది దాటించి ఒక దవాఖానాకు తీసుకుపోయాం. అది ఏ దవాఖానా అన్నది ఇక్కడ అనవసరం. చేర్చుకునే చోట గుమాస్తా, "పేషెంటుకు ఈమె ఏమైతది?" అన్నాడు. నేను భద్రమ్మకు చేతులతో చెప్పాను. ఆమె క్షణం ఆలోచించలేదు. "మా ఇంటామె," అంది. మా వైపు మగవాళ్లు భార్య గురించి చెప్పేటప్పుడు అనే మాట అది. ఆమె చేతుల్లో ఇంకో అర్థానికి చోటు లేదు.

నా వెనక పదిమంది నిలబడి ఉన్నారు. ఒంటి మీద ఉద్యోగపు తెల్లచీర ఉంది. గుమాస్తా కలం ఎత్తి నా నోటివంక చూస్తున్నాడు. "అక్క అవుతుంది," అన్నాను.

అతను రాసుకున్నాడు. రాసి, సంతకం పెట్టమని కాగితం భద్రమ్మ వైపు తోశాడు. ఆమె చదువుతుందని ఆ క్షణంలో నాకు గుర్తే లేదు. ఆ గడిలో ఉన్న మాట దగ్గర ఆమె వేలు ఆగింది. తలెత్తి నన్ను చూసింది. పక్కన స్ట్రెచర్ మీద లింగమ్మ మూలుగుతోంది. భద్రమ్మ కలం తీసుకుని సంతకం పెట్టింది.

మరునాడు లింగమ్మ అన్న వచ్చాడు. కాగితాల్లో అక్క అని ఉందని తెలిసి మండిపడ్డాడు. "మా అమ్మకు మేమిద్దరమే. ఈ అక్క ఏడికెళ్లి వచ్చింది?" అని వార్డు మధ్యలో అడిగాడు. అబద్ధం రాయించి లోపలికి వచ్చారని భద్రమ్మను బయటికి పంపేశారు. ఆమెకు ఎవరూ ఏమీ వివరించలేదు. భుజం పట్టుకుని వాకిలి దాటించారు, అంతే. ఆ రోజంతా, మరునాడు మధ్యాహ్నం దాకా వరండాలో రాతి అరుగు మీద కూర్చుంది. నేను మాట్లాడబోతే మొహం పక్కకు తిప్పుకుంది. చెవిటి మనిషి చూపు తిప్పుకుంటే ఇక ఏ మాటా చేరదు.

నర్సుని కనుక నన్ను లోపలికి వెళ్లనిచ్చారు. లింగమ్మ మణికట్లు రెండూ మంచానికి గుడ్డపేలికలతో కట్టి ఉన్నాయి. "జ్వరం సంధిల చేతులాడిస్తంది. సూది ఊడగొట్టుకుంటది," అంది ఆయా. వేళ్లు మాత్రం కదులుతున్నాయి. చూస్తూ చూస్తూ ఉండగా నాకు అర్థమైంది. అది సంధి కాదు. ఆమె మాట్లాడుతోంది. తెలివి వచ్చీరాని ఆ స్థితిలో, నోరున్న మనిషి, నోటితో కాకుండా తన ఇంటి భాషలో మాట్లాడుతోంది. కట్టేసిన చేతుల వల్ల ఆ మాట ఏమిటో నాకు అందలేదు.

పెద్ద డాక్టరమ్మ గదికి వెళ్లాను. "ఆమె అక్క కాదు మేడం. ఆమె చెప్పింది వేరు, నేను చెప్పింది వేరు. మా ఇంటామె అని చెప్పింది. తప్పు నాది," అన్నాను. ఇంకా చెప్పబోతుంటే ఆమె చెయ్యెత్తి ఆపింది. "ఏమైతదో నేను అడుగుతలేను. పేషెంటు చేతులు ఆమెకు సమజైతయా?" అవుతాయన్నాను. "అయితే పిలువు," అంది.

భద్రమ్మ వచ్చి కుడిచేతి పేలిక విప్పింది. ఆ చెయ్యి గాలిలో రెండుసార్లు ఊగి పడిపోయింది. భద్రమ్మ నా వైపు తిరిగి చూసింది, రెండు రోజుల తర్వాత మొదటిసారి. "కిటికీ మూయమంటోంది. వెలుతురు కళ్లలో గుచ్చుకుంటోందంట." నేను అదే చెప్పాను. ఆయా కిటికీ రెక్క వేసింది. లింగమ్మ చెయ్యి శాంతించింది. లింగమ్మ అన్న వాకిట్లో నిలబడి ఇదంతా చూశాడు. సాయంత్రం నా దగ్గరికి వచ్చి, "నేను ఊరికి పోతున్న. ఏమన్న ఉంటే కబురు పంపుండ్రి," అని వెళ్లిపోయాడు.

పది రోజులకు లింగమ్మ ఇల్లు చేరింది. నన్ను మాత్రం భద్రమ్మ మరో పది రోజులు వరండాలోకి పిలవలేదు. పిలిచిన రోజున కత్తిరింపు బల్ల మీది బట్టలన్నీ తీసేసి సుద్దముక్కతో పెద్దగా 'అక్క' అని రాసింది.

"ఇది నేనన్నానా?"

"నీ మంచికే..." అని మొదలుపెట్టాను.

"మంచి సంగతి తర్వాత. నేనన్నానా?"

లేదన్నాను.

"నిజం చెప్పినా నన్ను వెళ్లగొట్టేవాళ్లేమో. అప్పుడు నా మాటకు వెళ్లగొట్టేవాళ్లు. ఇప్పుడు నీ మాటకు వెళ్లగొట్టారు." సుద్దముక్క బల్ల మీద పెట్టింది. "నీకు సిగ్గయితే చెప్పలేనని చెప్పు. నేను కాగితం మీద రాసుకుంటాను. మార్చకు."

బల్ల మీది ఆ మాటను ఆమె తుడవలేదు. నేనే కొంగుతో తుడిచాను.

నెల తర్వాత ఏదో పనికి మండలాఫీసుకు వెళ్లాల్సి వచ్చి మళ్లీ నన్నే తోడు రమ్మంది. అది ఎంత పెద్ద సంగతో ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. ఆమె అక్కడ ఆఫీసరుతో అన్న మాటల్లో మర్యాద లేనివి కూడా రెండున్నాయి. అవీ చెప్పాను. ఆ తర్వాత నాకు సత్తుపల్లి వైపు బదిలీ అయింది. తొంభైల మొదట్లో లింగమ్మ పోయింది. నేను వెళ్లేసరికి పాడె కడుతున్నారు. కొరివి అన్నే పెట్టాడు. ఆడవాళ్లు వల్లకాటి దాకా రాకూడదని ఎవరో అన్నారు. భద్రమ్మకు అది వినపడలేదో, కనపడలేదో, నేను అడగలేదు. పాడె పక్కన చివరి దాకా నడిచింది. అన్న ఆమెకు దారి ఇచ్చాడు. మూడేళ్లకు భద్రమ్మ కూడా పోయింది. ఆ కబురు నాకు ఆలస్యంగా అందింది.

ఆ తర్వాతి ఏడు సత్తుపల్లి దగ్గర ఒక ఇంటికి నన్ను పిలిచారు. సైగలు తెలిసిన నర్సమ్మ ఉందని ఎవరో చెప్పారట. వాళ్ల అమ్మాయికి వినపడదు, పందొమ్మిదేళ్లు. పెళ్లివారు వచ్చి కూర్చున్నారు. పిల్లకు ఇష్టమేనా అని అబ్బాయి తరఫు పెద్దాయన మర్యాదగా అడిగాడు. అందరి మధ్యా నేను ఆమె ముందు కూర్చుని అడిగాను. ఆమె తల్లిని చూసింది, తండ్రిని చూసింది, తర్వాత నన్ను చూసి రెండు చేతులతో చెప్పింది. ఆ సైగ తండ్రికి కూడా అర్థమైంది. నా వెనకనుంచి వంగి, "సరేనన్నదని చెప్పమ్మా. నీకు దణ్ణం పెడతా. మిగతాది మేం చూసుకుంటాం," అన్నాడు. ఆయన గొంతులో దుర్మార్గమేమీ లేదు. భయం ఉంది. అది నాకు బాగా తెలిసిన భయమే.

"వద్దంటోంది," అన్నాను.

పెద్దాయన తేరుకుని, ఎందుకని అడగమన్నాడు. అడిగాను. ఆ అమ్మాయి చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కారణం చెప్పలేదు. నేనూ కల్పించలేదు.