మోకాలెత్తు వరి

మా ఎకరా వరి కయ్య సంగతి మీకు ఈపాటికి ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. ఈ ఊళ్లో అందరి మాటలూ నేను చెప్పాలి గానీ, నా మాట చెప్పుకునే ధైర్యం ఇన్నాళ్లూ ఎవరికీ లేదు. ఇప్పుడొచ్చింది. పంట ఎట్లా పోయిందంటే, నాలుగు కాళ్ల మీద పోయింది. వాళ్లు చెప్తే ఉప్పూ కారం కలిపి చెప్తారు గనక నేనే చెప్తాను, టీ తాగుతా వినండి. నవ్వితే మాత్రం గ్లాసు లాక్కుంటాను. నాకింకా మండిపోతానే ఉంది.

రెండేళ్లు వానలు లేవు గదా. చెరువు నెర్రెలిచ్చింది. వరి తప్ప ఇంకో తిండి ఎరగని ఊరు మనది. మొలగొలుకుల సన్నబియ్యం అన్నంలో ఒక్క రాయి తగిలిందని పెళ్లి పంక్తిలోనుంచి లేచిపోయిన మగవాళ్లు ఉన్నారిక్కడ. అట్లాంటి వాళ్లందరం సంచులు పట్టుకుని రేషను షాపు ముందర నిలబడినాం. దేనికి? ఎర్ర జొన్నలకు! సముద్రం అవతలినుంచి ఓడలో వచ్చినాయంట. గోతాల మీద రెండు చేతులు కలిపిన బొమ్మ. స్నేహమంట! ఆ దేశంలో వాటిని గొడ్లకు పెడతారని పోస్టుమాస్టరు చెప్పినాడు. ఎంతసేపు పొయ్యి మీద పెట్టినా ఉడకవు, ఎంత నమిలినా నలగవు. మా అత్త రెండు దినాలు తిని, మూడోనాడు పళ్లెం తోసేసింది.

"నేను పోయేలోపల ఒక ముద్ద వరన్నం పెట్టమ్మే," అనింది.

నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. దేశానికి బియ్యం పండించి పెట్టిన కయ్యలు మనవి. మనం గొడ్ల దాణాకు వరసలో నిలబడాలా?

ఈ ఏడు చెరువులోకి కాస్త నీళ్లొచ్చినాయి. మాకు ఒక్క ఎకరాకు సరిపోతాయి, అంతే. అప్పుడు దిగినాడు సేద్యం సంగతులు చెప్పే గ్రామసేవకుడు, ఒక తెల్లదొరను జీపులో ఎక్కించుకుని. బడి దగ్గర మీటింగు పెట్టినాడు. ఏదో దేశంలో కనిపెట్టిన కొత్త వరి అంట. విత్తనం ఊరికే, ఎరువూ ఊరికే.

"ఈ ఎకరా పండిందంటే ఏడాదంతా రేషను వరసలో నిలబడే పని లేదక్కా," అన్నాడు.

ఆ ఒక్క మాటే నా చెవిన పడింది. మిగతావి పడలేదు. ఎందుకంటే దొర నిక్కరు వేసుకుని ఉన్నాడు. అంత పొడుగు మనిషి, అంత పొట్టి నిక్కరు, కొంగ కాళ్లు! నేను వెనక వరసలో కూర్చుని, "వాళ్ల దేశంలో తిండికి కరువు లేదు గానీ గుడ్డకున్నట్టుంది," అని కోటయ్య పెళ్లాం సుబ్బమ్మ చెవిలో చెప్తా ఉన్నాను. ఆమె నవ్వు ఆపుకోలేక లేచి బయటికి పోయింది.

నాట్లేసినాం. పక్క కయ్య కోటయ్యది, అతనూ అదే వేసినాడు. పైరు పచ్చగా తిరిగింది. పాత విత్తనం వేసినవాళ్ల గడప గడపకూ పోయి ఏడిపించి వచ్చినాను. నెల తిరిగింది. వాళ్ల మొలగొలుకులు నడుముదాకా లేచినాయి. మాది మోకాలి దగ్గర ఆగింది. ఇంకా కొన్నాళ్లు చూసినాను. వాళ్లవి రొమ్ముదాకా వచ్చినాయి. మాది మోకాలు దాటితే ఒట్టు!

పైరు బాగుందో లేదో మనం ఎట్లా చెప్తాం? మనిషి దిగితే ఎంతవరకు మునిగినాడు అని గదా. మా కయ్యలో కోడి దిగినా కనపడతా ఉంది. రెండేళ్ల కోపం ఒక్కసారి నెత్తికెక్కింది. మనకు దాణా పంపినోళ్లు విత్తనం మాత్రం మంచిది పంపుతారా!

మా ఆయన వాళ్ల చెల్లెలి కూతురి పెళ్లి మాటలకని తడ ఊరికి పోయి ఉన్నాడు. అడిగేదానికి మనిషి లేడు. ఉన్నా అడిగేదాన్ని కాదనుకోండి. పాడైన పైరు మీదికి ఎవరైనా ఏం చేస్తారు? గొడ్లను తోలతారు. మా గేదె ఈని నెల, ఇంట్లో గడ్డిపరక లేదు. తోలేసినాను. మాదొక్కటే తింటే ఏం బాగుంటుందని బజారులో నిలబడి కేకేసినాను.

"గొడ్లున్నోళ్లంతా రండి! దొరగారి పచ్చిక!"

ఎనిమిది గేదెలొచ్చినాయి. మూడు దినాల్లో కయ్య నున్నగా అయిపోయింది. గట్టు మీద కోటయ్య నోరు తెరుచుకుని చూస్తా ఉన్నాడు.

"నీదీ తోలబ్బా, పుణ్యమన్నా వస్తుంది," అన్నాను.

"ఇంకో పది దినాలు చూస్తానక్కా."

"చూడు, చూడు. వంగి చూడు, లేకపోతే కనపడదు."

నాలుగోనాడు మా ఆయన వచ్చినాడు. గట్టు దిగి, మిగిలిన దుబ్బొకటి పట్టుకుని చూసినాడు.

"అది పొట్టి వరి. కాడ పొట్టిగా ఉంటేనే గింజ బరువుకు పడిపోదు. మీటింగులో ఆయన రెండుసార్లు చెప్పినాడు గదే."

"మరి నాకెందుకు చెప్పలేదు?" అని మీదపడినాను.

"చెప్పినాను. అప్పుడు నువ్వు మాట్లాడుతున్నావు."

గ్రామసేవకుడిని తిట్టినాను. ఆరు ఊళ్లకు ఒక్కడంట, నాటిన తర్వాత ఒక్కసారైనా ఇటు తొంగి చూడలేదు. దొరను తిట్టినాను. గేదెను తిట్టినాను. ఇంకొకరిని కూడా తిట్టాలి గానీ దానికి అద్దం కావాలి, మా ఇంట్లో లేదు.

పది దినాలకు కోటయ్య కయ్యలో ఎన్నులు బయటపడినాయి. తర్వాత సముద్రం గాలి కొట్టింది. రొమ్మెత్తు మొలగొలుకులు చాపలు పరిచినట్టు పడుకున్నాయి. మోకాలెత్తుది నిలబడే ఉంది. గాదె నిండిపోయి నట్టింట్లో కూడా పోసుకున్నాడు మహానుభావుడు.

సుబ్బమ్మ మా అత్తకు ఒక గిన్నెడు కొత్తన్నం పంపించింది. నేను ఊరుకుంటానా? "ఏం అన్నం ఇది, ఆరితే గులకరాళ్లు. మొలగొలుకుల కాలిగోటికి చాలదు," అన్నాను.

మా అత్త ముద్ద మింగి, "నువ్వు కాసేపు బయట కూర్చోమ్మే, తిననీ," అనింది.

మొన్న దొర మళ్లీ వచ్చినాడు. కోటయ్యతో చేయి కలిపి, ఫొటో తీసి, గ్రామసేవకుడూ తనూ మా గట్టు దగ్గరికి వచ్చినారు. ఊరంతా వెనకాలే.

"మీకు దిగుబడి ఎంతొచ్చిందక్కా? దొరగారు అడుగుతున్నారు," అన్నాడు గ్రామసేవకుడు, కాగితం మీద కలం పెట్టి.

అందరూ నా మొహమే చూస్తున్నారు.

"పూటకు రెండు శేర్లు," అన్నాను.

"పూటకా?"

"ఆ. పొద్దున రెండు, సాయంత్రం రెండు. మీగడ కూడా బాగానే కడతా ఉంది."

దొరకు అతను ఏం చెప్పినాడో తెలియదు. దొర మాత్రం వంగి వంగి మా గేదెకు ఫొటో తీసినాడంట. అది నేను చూడలేదు. అప్పటికే సంచి పట్టుకుని ఎర్ర జొన్నల వరసలో నిలబడి ఉన్నాను.