ఫోన్లో చెప్పిన ప్రోగ్రాం

ఆఫీసు వాళ్ళు ఆమెకిచ్చిన హోదా కో-ఆర్డినేటర్. అత్తగారి నోట్లో అది కోడినేటరయింది. "మా కోడలు కోడినేటరు" అని ఆవిడ గొప్పగా చెప్పుకుంటే, "కోళ్ళ ఆఫీసా వదినా?" అని పక్కింటావిడ అడిగిందట. వీధిలో మాత్రం అందరూ మీటింగమ్మ అనేవాళ్ళు, ఆడపిల్లల్ని పోగేసి మీటింగులు పెడుతుంది కాబట్టి. నిజానికి ఆమెకు మీటింగులంటే ఒళ్ళుమంట. కుట్టుమిషన్లు విప్పి, బిగించి, నాలుగు చెడగొట్టి పని నేర్చుకున్న మనిషి. అందుకే ఆడపిల్లలకు పని నేర్పే తన సెంటరులో ఉపన్యాసాలు తగ్గించి, ఒక మూల బల్లకు ఇనుమును కదలకుండా పట్టి ఉంచే వైసు బిగించి, అందులో ఇనుపముక్క పట్టించి, పిల్లల చేతికి ఆకురాయి ఇచ్చింది. ఆ బల్ల దగ్గర అందరికంటే ఎక్కువసేపు నిలబడేది వడ్రంగి కూతురు.

ఆ పిల్లకు ఈ ఉదయమే పరీక్ష. ఊరి చివర యంత్రాల ఫ్యాక్టరీవాళ్ళు పని నేర్పడానికి పిల్లల్ని ఎంచుకుంటున్నారు. ఆడపిల్లల్ని రమ్మనడం ఇదే మొదలు. గేటు మూశాక ఎవరొచ్చినా లోపలికి రానివ్వరు. చూస్తే పిల్ల సెంటరుకు రాలేదు, ఇంట్లో ఎవరూ ఫోను ఎత్తడం లేదు. మీటింగమ్మ ఆటో ఎక్కి వడ్రంగి ఇంటిముందు దిగింది.

గుమ్మానికి అడ్డంగా వడ్రంగి నిలబడి ఉన్నాడు. చేతిలో చిత్రిక, కాళ్ళ చుట్టూ చెక్కపొట్టు. ఆయన వెనక లోపలి గది తలుపుకు బయటినుంచి గొళ్ళెం వేసి ఉంది.

"అన్నయ్యా, పిల్లేదీ? టైమవుతోంది."

"పంపను."

"ఒంట్లో బాగాలేదా?"

"దాని ఒళ్ళు బాగానే ఉంది, నీ బుద్ధే బాగాలేదు. కూతురులాంటి పిల్లని స్టేజీ ఎక్కించి డాన్సులాడిస్తావా?"

"డాన్సేంటి? ఎవరు చెప్పారు?"

"ఇంకెవరు, నువ్వే! నిన్న ఫోన్లో మా అమ్మకి చెప్పలేదూ?"

కిటికీ పక్క కుర్చీలోంచి ముసలామె అందుకుంది. "చెప్పావుగా అమ్మాయ్. 'పెద్దమ్మా, రేపు మీ మనవరాలికి పెద్ద ప్రోగ్రాం ఉంది, పొద్దున్నే రెడీ చేసి పంపండి. డ్రస్సు అక్కడే ఇస్తారు, పెద్దపెద్దవాళ్ళొచ్చి చూస్తారు' అని. పొల్లుపోయిందా?"

పొల్లుపోలేదు. ఆఫీసులో తుమ్మినా దగ్గినా ప్రోగ్రామే. మొక్కలు నాటితే ప్రోగ్రాం, రక్తపరీక్ష చేయిస్తే ప్రోగ్రాం. ఏళ్ళ తరబడి ఆ మాట నోట్లో నాని నాని, బయట జనానికి ప్రోగ్రామంటే మైకు, రంగు లైట్లు, పాటకు ఆట అన్న సంగతే ఆమె మరిచిపోయింది.

"అయ్యో, ప్రోగ్రామంటే పరీక్ష అన్నయ్యా! పని నేర్పడానికి..."

"నిన్న ప్రోగ్రాం, ఇవాళ పరీక్ష. రేపేమంటావు?"

"ఇదంతా ఆడపిల్లల సాధికారత..." అనబోయి నాలుక కరుచుకుంది. అప్పటికే ఆయన మొహం ఇంకాస్త బిగుసుకుంది. మాటతో పడ్డ ముడి, మాటతో లాగినకొద్దీ బిగుస్తోంది. వీధిలో ఆటోవాడు హారన్ కొట్టాడు.

ఇంటి పక్క సందులోంచి పిల్ల తల్లి చెయ్యి ఊపింది. మీటింగమ్మ ఫోను చెవికి పెట్టుకుని, మాట్లాడుతున్నట్టు అటు నడిచింది.

"వదినా, ఆ గదికి వెనక తలుపుంది, తీసేశాను. ఆటోని సందు చివరికి రమ్మను. ఆయన సంగతి నేను చూసుకుంటా."

ఓరగా తెరిచిన తలుపులోంచి పిల్ల తొంగి చూసింది. చెప్పులు వేసుకుని ఉంది. "అక్కా, పోదాం పద," అంది గుసగుసగా.

మీటింగమ్మ అడుగు ముందుకు పడింది. పడ్డ అడుగు అక్కడే ఆగింది. సాయంత్రం ఈ పిల్ల మళ్ళీ ఈ ఇంటికే రావాలి. దొడ్డిదారిన పిల్లను తీసుకుపోయిందన్న మాట పుట్టిందంటే వీధిలో ప్రతి ఇంటా గొళ్ళెం పడుతుంది.

"వద్దు వదినా. ఇలా తీసుకెళ్తే ఆ డాన్సే నిజమైపోతుంది."

పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అటు చూడకుండా ఆమె ముందు గుమ్మంలోకి వచ్చింది.

"తప్పు నాదే అన్నయ్యా. మా ఆఫీసు మాట మీ ఇంట్లో వాడాను. మీరూ రండి, మీ కళ్ళతో చూడండి. అక్కడ స్టేజీ కనబడితే అందరిముందూ నా చెంప పగలగొట్టండి."

"నాకు పనుంది. చెక్కుతున్న ఈ తలుపు సాయంత్రానికి ఇవ్వాలి."

"రేపిస్తే వాళ్ళ కొంపేం మునిగిపోదు," అంది ముసలామె. "వెళ్ళిరారా. డాన్సే అయితే నాకో ఫోన్ చెయ్యి, నేనూ వచ్చి చూస్తా. ఈ జన్మలో చూసిందేముంది!"

వడ్రంగి నవ్వలేదు. చిత్రిక పక్కన పెట్టాడు, చొక్కా దులుపుకున్నాడు, గొళ్ళెం తీశాడు. "స్టేజీ గనక ఉందో, ఇద్దర్నీ అక్కడే..." అని మిగతాది మింగేశాడు.

ముగ్గురూ ఆటో ఎక్కారు. అడ్డం వచ్చిన ప్రతి లారీకీ మీటింగమ్మ తన కాలికింద లేని బ్రేకును తొక్కుతూనే ఉంది. వీళ్ళు చేరేసరికి వాచ్‌మన్ గేటు తోస్తున్నాడు. ఆటో పూర్తిగా ఆగకముందే మీటింగమ్మ దూకి, గేటు సందులో చెయ్యి పెట్టేసింది.

"చెయ్యి నలుగుతుందమ్మా!"

"నలగనీ. పిల్ల లోపలికెళ్ళాక మూసుకో."

పొడవాటి షెడ్డు, వరసగా బల్లలు. పిల్లలందరికీ నీలం చొక్కాలిచ్చారు. ఇచ్చిన ఇనుపముక్కను ఆకురాయితో అరగదీసి, అంచులు, మూలలు సరిచూసే మూలమట్టానికి సరిపోయేలా చెయ్యాలి. వెంట వచ్చినవాళ్ళు బయట కిటికీల దగ్గర నిలబడవచ్చన్నారు. వడ్రంగి తన కూతురి బల్లకెదురుగా ఉన్న కిటికీ దగ్గరికి పోయాడు. పిల్ల మూలమట్టాన్ని అంచుకు ఆనించి, వెలుతురుకెత్తి సందు చూసుకుంది.

"ఇదెక్కడ నేర్చింది?" అన్నాడు.

"సెంటర్లో. మీరు తిడతారని చెప్పలేదు."

అంతలో పిల్ల తలెత్తి తండ్రిని చూసింది. ఆకురాయి జారి ఇనుము కీచుమంది. మళ్ళీ పెట్టింది, మళ్ళీ జారింది. పక్క బల్లలవాళ్ళు తిరిగి చూశారు. మీటింగమ్మ కిటికీ చువ్వ పట్టుకుంది. ఆయన్ని పక్కకు తప్పుకోమని అనలేకపోయింది, అనకుండా ఉండలేకపోయింది.

వడ్రంగి తన కూతురి మొహం చూడటం లేదు, చేతులు చూస్తున్నాడు. తన నీడ సరిగ్గా ఆ వైసు మీద పడుతోంది. అది గమనించి, పక్కకు జరిగి, గోడకు వీపు ఆనించాడు. అక్కణ్ణించి లోపలేమీ కనపడదు. ఇనుపముక్క మీద ఎండ పడింది.

కాసేపు చప్పుడే లేదు. తర్వాత ఆకురాయి కదిలింది. ఒక రాపిడి, ఇంకొకటి, నిదానంగా, ఒకే పొడవున.

ఆయన చెవి ఒగ్గి విన్నాడు.

"ఇప్పుడు తిన్నగా పడుతోంది," అన్నాడు.