నల్లగా వచ్చిన మంచు

2011 జనవరి 9, ఉదయం 11.20. హెలికాప్టర్ నన్ను పద్దెనిమిది వేల అడుగుల ఎత్తున మంచు మీద దించి, రెక్కలు ఆపకుండానే వెళ్లిపోయింది. సున్నాకు దిగువన ఇరవై ఆరు డిగ్రీలు. నాతో కలిపి ఆ సైనిక పోస్టులో ఎనిమిది మంది. కమాండర్ అనుమతితో నా సొంత కెమెరా, లైట్ మీటరు, రెండు నలుపు-తెలుపు రోళ్లు తీసుకువెళ్లాను. చలికి బ్యాటరీలు చచ్చిపోతాయి. నా రెండు పరికరాలకూ బ్యాటరీ అక్కర్లేదు. షరతు ఒక్కటే: మనుషులను తప్ప మరేదీ తీయరాదు.

రేడియో ఆపరేటర్ మా బొగ్గుగనుల ఊరు గోదావరిఖనివాడు. అతని పెళ్లి ఫొటోలు తీసింది నేనే. రోజూ ఉదయం ఆరింటికి కింది బేస్‌కు "ఆఠ్ ఆద్మీ, సబ్ ఠీక్" అని, ఎనిమిది మందిమీ క్షేమమని, చెప్పి, సెట్టు పక్కన పెట్టి, నా వైపు తిరిగేవాడు.

"అన్నా, గీడ గంటసేపు పొయ్యి మీద పెట్టినా నీళ్లు కాగుతలెవ్వు. మన దగ్గరైతే మే నెలల నల్లా నీళ్లతోనే చాయ్ పెట్టొచ్చు."

మార్చి 2, మధ్యాహ్నం 12.10. గాలి ఆగింది. అతను ఫొటో అడిగాడు.

వెలుతురు కొలిచే మీటరుకు నలుపు, తెలుపు తెలియవు. ఎదుట ఉన్నదంతా బూడిదరంగే అనుకుంటుంది. బొగ్గును చూపితే వెలుతురు పెంచమంటుంది, మంచును చూపితే తగ్గించమంటుంది. మామూలుగా అరచెయ్యి కొలిచి సరిచూసుకుంటాం. కాని నేను ఫొటోలు తీయడం నేర్చింది బొగ్గు యార్డుల్లో. అక్కడ అరచేతులూ నల్లనే. అందుకే మీటరు చెప్పినదానికి రెండు స్టాపులు, అంటే వెలుతురును నాలుగో వంతుకు, తగ్గించడం నా చేతికి అలవాటు. మంచు మీద రెండు పెంచాలి.

అతను కుడి గ్లోవు లాగేసి అరచెయ్యి చాచాడు. తన పెళ్లిలో నేను అట్లా కొలవడం చూశాడు.

"గిది కొలువన్నా."

"గ్లోవు తొడుక్కో. వేళ్లు పోతయ్. నా చేతికి ఎరుకే."

రెండు తగ్గించాను. ఒకే ఫ్రేము. ఆ వారం ఫోను వంతు వచ్చినప్పుడు అతను భార్యకు ఆ మాటే చెప్పాడు: అన్న ఫొటో తీసిండు, దిగినంక చూద్దువు.

13న అతని ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. మంచు తుఫానులో రెండు రోజులు హెలికాప్టర్ రాలేదు. 15న ఉదయం ఆరింటికి సెట్టు నేను పట్టుకున్నాను. "సాత్ ఆద్మీ" అన్నాను, ఏడుగురమే అని. 

మే 20న ఇల్లు చేరాను. మొదటి రోలు కడిగితే మంచంతా బొగ్గుకుప్పలా వచ్చింది. నా తప్పు అప్పుడు తెలిసింది. అతనున్న రెండో రోలును కడగడానికి చెయ్యి రాలేదు. పదమూడేళ్లు ఫ్రిజ్‌లో ఉంచాను. అతని భార్య దవాఖానలో నర్సు. ఏడాదికొకసారి అడిగేది. పోయినసారి ఇట్లా అంది:

"పెండ్లి ఫొటోలల్ల ఉన్నోడు పిలగాడు బావా. ఆడ ఎట్లుండెనో చూడాలె. ఎట్లొస్తె అట్ల రానీ."

రోలు ఒక్కటి, కడిగే అవకాశం ఒక్కటి. తక్కువసేపు కడిగితే ముఖం రాదు. ఎక్కువసేపు కడిగితే ఫిల్మంతా మసకబారి ముఖాన్ని మింగేస్తుంది.

2024 ఏప్రిల్ 14న పరీక్షలు మొదలుపెట్టాను. అదే రకం పాత ఫిల్ము మూడు రోళ్లు సంపాదించాను. ఎండలో తెల్ల దుప్పటి ముందు మా తమ్ముణ్ని నిలబెట్టి, అదే తప్పును లెక్క ప్రకారం మళ్లీ చేశాను: పెంచాల్సిన రెండు, తగ్గించిన రెండు, కలిపి కావలసినదానికి నాలుగు స్టాపులు తక్కువ. రోళ్లను పన్నెండు ముక్కలు చేశాను. ఫిల్ము కడిగే మందు ఇరవై డిగ్రీల్లో ఉండాలి. నల్లా నీళ్లు ముప్పై ఆరు. మంచు పోస్టులో వేడి కోసం తపించిన నేను రోజూ సైకిలు మీద ఐసు గడ్డ తెచ్చాను. మూతపడిన ప్రెస్సులో కొన్న డెన్సిటోమీటరుతో ఫిల్ము మీద ముఖం ఎంత నిలిచిందో కొలిచాను. తొమ్మిది నిమిషాలకు 0.04. పద్నాలుగుకు 0.09. పదిహేడుకు 0.12. ఇరవైకి అంతా మసక.

మే 5, ఉదయం 9.00. అతని రోలు. పదిహేడు నిమిషాలు.

ప్రింటు ఇవ్వడానికి ముందు ఆమెకు అరచెయ్యి సంగతి కూడా చెప్పాను. ఆమె ఫొటోను కిటికీ దగ్గరికి తీసుకువెళ్లింది. మంచు నల్లగా ఉంది. ముఖం అంతకంటే నల్లగా ఉంది. నవ్వు మాత్రం తెల్లగా ఉంది.

"షిఫ్టు దిగొచ్చినోని లెక్కనే ఉన్నడు," అంది. ఫొటోను మళ్లీ వెలుతురుకు తిప్పి, "ఆడ గూడ మన బొగ్గే పడ్డదా, బావా?"

పోయినవి: కళ్లు, నుదురు, మంచు తెలుపు, పదమూడేళ్లు. మిగిలినవి: ఎడమ చెంప అంచు, పళ్లు, భుజం మీద రేడియో పట్టీ. ఫిల్ముకు ఎక్కనిది ఒకటే: ఎండలో నా ముందుకు చాచిన ఆ వట్టి అరచెయ్యి. కొలిచి ఉంటే పట్టేది ఐదు సెకన్లు.